శునఃశేపుని వెల

2019 జనవరిలో జలంధర్‌లో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ జరిగింది. నాడు ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతి పదవిలో ఉన్న ఆచార్యులొకరు ఆ వేదికపై కౌరవులు టెస్ట్‌ట్యూబ్ శిశువులని, మూలకణ విజ్ఞానం ఈ దేశంలో వేల సంవత్సరాల క్రితమే ఉండేదని ప్రకటించారు. శాస్త్రవేత్తలు నిరసించారు. ఆస్తికులలో పలువురు ఆ నిరసనను ధర్మనిందగా తలచి నొచ్చుకున్నారు. అంతకు ముందూ ఆ తరువాతా ప్రవచన వేదికలపై ఇదే మాట వినిపిస్తూనే ఉంది. గాంధారి నేతికుండలు ఐవీఎఫ్ అట! దేవకి గర్భం నుండి రోహిణి గర్భానికి జరిగిన సంకర్షణ సరోగసీ అట! ద్రోణుడు పుట్టిన కలశం ప్రయోగశాల అట! విన్నవారు చప్పట్లు కొట్టి ఇళ్లకు వెళుతున్నారు.

ఈ వాదంలోని దోషం చరిత్రకు మాత్రమే చెందినదైతే ఉపేక్షించవచ్చు. కాని అది ధర్మానికి చెందిన దోషం. "ఇది మన పూర్వులకు తెలుసు" అనే వాక్యం వెనుక "కనుక ఇందులో విచారింపవలసినదేమీ లేదు" అనే మరొక వాక్యం దాగి ఉంటుంది. రెండవ వాక్యాన్ని ఎవరూ పైకి అనరు. ఆచరణ మాత్రం దానిననుసరించే సాగుతుంది.

మొదట ఆ కథనే చదవాలి. గాంధారి రెండేళ్లు గర్భం మోసింది. కుంతికి కుమారుడు పుట్టాడని విని, అసూయాదుఃఖాలతో తన ఉదరాన్ని తానే మోదుకొంది. మాంసపిండం పడింది. వ్యాసుడు దానిని విభజించి నేతికుండలలో ఉంచాడు. నూరుగురు పుత్రులు, ఒక పుత్రిక. దుర్యోధనుడు పుట్టినప్పుడు దుశ్శకునాలు చూసి విదురుడు హెచ్చరించాడు. పుత్రమోహం ధృతరాష్ట్రుని చెవులు మూసింది. గాంధారి గర్భభారంతో ఉన్న ఆ కాలంలోనే రాజును సేవించిన ఒక వైశ్యస్త్రీకి యుయుత్సుడు పుట్టాడు. ఆ తల్లి పేరైనా భారతం చెప్పదు. ఇన్ని గాయాలున్న కథను చదివి, అందులో నుండి కుండలను మాత్రమే ఏరుకొని గర్వించడం భారతాన్ని గౌరవించడం కాదు. వ్యాసుడు అక్కడ చూపినది సంతానకాంక్ష మాత్సర్యంతో కలిసినప్పుడు ఏమవుతుందో! యంత్రరచన ఆయన ప్రతిపాద్యమే కాదు.

పూర్వుల విజ్ఞానానికి ఇంతగా పులకించే సమాజం, తన కళ్లెదుట ఆ పని చేసిన మనిషిని ఎలా చూసిందో కూడా స్మరించాలి. ఇంగ్లాండులో 1978 జులై 25న ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించింది. సరిగ్గా పది వారాలకు, అక్టోబరు 3న, కలకత్తాలో వైద్యుడు సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో ఒక ఆడశిశువు జన్మించింది. ఆమెకు దుర్గ అని పేరు పెట్టారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది, ఆయన మాట నమ్మలేదు, సంబంధం లేని నేత్రవైద్య సంస్థకు బదిలీ చేసింది. 1981 జూన్‌లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఆయన కృషికి గుర్తింపు దక్కింది ఎన్నో ఏళ్ల తరువాత, ఆనంద్‌కుమార్ అనే మరొక శాస్త్రవేత్త ఆయన రాతప్రతులను పరిశీలించిన మీదట. ద్వాపరయుగపు కుండలకు జయధ్వానాలు, కలియుగపు వైద్యునికి అవమానం! ఇది విజ్ఞానాభిమానం అనిపించుకోదు.

సంతానకాంక్ష తప్పు కాదు. పిల్లలు లేని దంపతులు, విశేషించి అత్తింట 'గొడ్రాలు' అనే మాట పడే స్త్రీ, వైద్యుని ఆశ్రయించడంలో అధర్మం లేశమూ లేదు. చికిత్స ధర్మమే. అయితే ఆ కోరిక ఒక అంగడిలో అడుగుపెట్టినప్పుడు దాని మూల్యాన్ని ఎవరు చెల్లిస్తున్నారన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నను శ్రుతియే వేసింది. ఐతరేయ బ్రాహ్మణంలోని హరిశ్చంద్రోపాఖ్యానం తెలుగువారికి నాటకాల ద్వారా తెలిసిన కాటికాపరి కథ కాదు; అది పూర్తిగా వేరు.

ఇక్ష్వాకువంశీయుడైన హరిశ్చంద్రునికి నూరుగురు భార్యలు, ఒక్క పుత్రుడూ లేడు. నారదుని అడిగాడు, పుత్రునివల్ల ఏమి లాభమని. నారదుడు పుత్రప్రాప్తిని ఘనంగా స్తుతించాడు. కుమార్తెను దైన్యహేతువన్న మాట కూడా ఆ స్తుతిలోనే ఉంది. ఆ మాటను పట్టుకొని వేలాడేవారు కథను అక్కడితోనే ఆపుతారు. కథ ముందుకు సాగుతుంది. వరుణుని ప్రార్థిస్తే కుమారుడు కలుగుతాడు, అతనినే వరుణునికి అర్పించాలి అని నియమం. రోహితుడు పుట్టాడు. వరుణుడు అడిగాడు. పది రోజులు గడవనీ, పళ్లు రానీ, పాలపళ్లు ఊడనీ, మళ్లీ మొలవనీ, కవచం ధరించే వయసు రానీ అంటూ తండ్రి దాటవేశాడు. చివరకు రోహితుడు విల్లు పట్టుకొని అడవికి పోయాడు. తండ్రికి జలోదరం పట్టుకుంది.

ఆరేళ్లు తిరిగిన రోహితునికి అడవిలో ఆకలితో అలమటిస్తున్న అజీగర్తుడు కనిపించాడు. అతనికి ముగ్గురు కుమారులు. రోహితుడు నూరు గోవులు ఇస్తానన్నాడు, తన బదులు ఒకణ్ణి ఇమ్మన్నాడు. తండ్రి పెద్దవాణ్ణి హత్తుకున్నాడు. తల్లి చిన్నవాణ్ణి హత్తుకుంది. నడిమివాడు మిగిలాడు, అతడే శునఃశేపుడు. రాజుగారి పుత్రకాంక్షకు మూల్యం రాజు చెల్లించలేదు, రాజపుత్రుడు చెల్లించలేదు. అడవిలో కూడు లేని ఇంటి నడిమిబిడ్డ చెల్లించాడు.

యజ్ఞశాలలో విశ్వామిత్ర, జమదగ్ని, వసిష్ఠులు ఋత్విజులు. శునఃశేపుణ్ణి యూపానికి కట్టడానికి ఎవరూ దొరకలేదు. మరో నూరు గోవులిస్తే కన్నతండ్రే కట్టాడు. వధించడానికీ ఎవరూ దొరకలేదు. ఇంకో నూరు గోవులకు ఆ తండ్రే కత్తి నూరుతూ వచ్చాడు. మహర్షులు తమ చేతులతో కట్టలేదు. క్రతువును ఆపమని అన్నట్టు కూడా శ్రుతి చెప్పదు. ఈ మౌనాన్ని కప్పిపుచ్చకపోవడం శ్రుతి గొప్పతనం.

ఇప్పుడు ఈ కథను వర్తమానం పక్కన పెట్టి చూడవచ్చు. పాల సహకార ఉద్యమంతో పేరు పొందిన గుజరాత్‌లోని ఆనంద్ పట్టణం ఈ శతాబ్ది తొలి రెండు దశకాలలో అద్దె గర్భాలకు అంతర్జాతీయ కేంద్రమయింది. పేద స్త్రీలు తమ పిల్లలను ఇళ్ల దగ్గర వదిలి, నెలల తరబడి వసతిగృహాలలో ఉండి, దూరదేశాల దంపతులకు బిడ్డలను కని ఇచ్చారు. సమాజశాస్త్రవేత్త అమృతా పాండే గుజరాత్‌లోని ఈ స్త్రీల మధ్య ఏళ్ల పాటు పరిశోధించి 2014లో ఒక గ్రంథం వెలువరించారు. ఆ స్త్రీల మాటలలో పదేపదే వచ్చినది 'మజ్‌బూరీ', అనగా గత్యంతరం లేకపోవడం. 2008లో ఒక జపాన్ దంపతుల కోసం అక్కడే మోయబడిన శిశువు పుట్టకముందే ఆ దంపతులు విడిపోయారు. ఆ పసికందు ఎవరిదన్న వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2015లో విదేశీయులకు ఈ మార్గం మూసుకుంది. 2021 నాటి సరోగసీ నియంత్రణ చట్టం వాణిజ్య సరోగసీని నిషేధించింది. 25 నుండి 35 ఏళ్ల మధ్య వయసు గల, బిడ్డ తల్లియైన స్త్రీ జీవితంలో ఒక్కసారి మాత్రమే, ప్రతిఫలం లేకుండా గర్భం మోయవచ్చునంది. వెల నిషిద్ధమైంది. ఆకలి మాత్రం అలాగే ఉంది.

2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడిన ఉదంతం ఇందుకు సాక్ష్యం. పోలీసుల కథనం ప్రకారం, ఒక సంతాన సాఫల్య కేంద్రం దంపతుల వద్ద సుమారు 35 లక్షల రూపాయలు తీసుకొని, సరోగసీ ద్వారా పుట్టిన వారి బిడ్డేనని ఒక శిశువును చేతికిచ్చింది. డీఎన్ఏ పరీక్షలో ఆ శిశువుకు వారితో సంబంధమే లేదని తేలింది. అస్సాంకు చెందిన పేద దంపతులకు 90 వేల రూపాయలిచ్చి ఆ బిడ్డను కొన్నారన్నది అభియోగం. నేర నిర్ణయం న్యాయస్థానానిది. ఐతరేయ బ్రాహ్మణం చదివినవారికి మాత్రం ఆ దంపతులు అపరిచితులు కారు. అజీగర్తునికి ఆనాడు నూరు గోవులు పూర్తిగా ముట్టాయి. ఇప్పటి అజీగర్తునికి అందినదాని కంటే మధ్యవర్తుల వాటా ఎన్నో రెట్లు పెద్దది. ఇన్ని యుగాలలో ఇదొక 'అభివృద్ధి'.

ఇక్కడ పూర్వపక్షి బలరాముణ్ణి తెస్తాడు. సంకర్షణ ఆక్షేపణీయం కానప్పుడు సరోగసీ ఎందుకు ఆక్షేపణీయమని. రోహిణి వసుదేవుని ధర్మపత్ని. ఆమెకు ఎవరూ ధర కట్టలేదు. ఆమె మోసింది, కన్నది, తానే పెంచింది. లోకం బలరాముణ్ణి రౌహిణేయుడంది. మోసిన తల్లి పేరే అతనికి శాశ్వతనామమయింది. నేటి వ్యవస్థలో మోసిన స్త్రీ పేరు జనన ధ్రువపత్రంలోనూ ఉండదు, బిడ్డ స్మృతిలోనూ ఉండదు. ఈ రెండింటినీ ఒకటనడం భాగవతాన్ని అంగడి ప్రకటనగా మార్చడమే.

అండదాతల మాట ఎవరూ ఎత్తరు కనుక అది మరింత చీకటిలో ఉంది. రోజుల తరబడి హార్మోన్ ఇంజెక్షన్లు, ఆపై మత్తులో సూదితో అండాల సేకరణ. అండాశయాలు అతిగా ఉబ్బి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం అరుదైనా వాస్తవమే. 2021 నాటి మరొక చట్టం ఒక స్త్రీ జీవితంలో ఒక్కసారే అండదానం చేయాలని, ఏడుకు మించి అండాలు తీయరాదని నిబంధన పెట్టింది. ఇంత కష్టానికి ఒడిగట్టే యువతిని గురించి కోరుకునేవారు అడిగేవి ఏమిటి? రంగు, ఎత్తు, చదువు, కొన్నిచోట్ల కులం. మేనిఛాయ తెలుపైతే గిరాకీ ఎక్కువ.

పూర్వపక్షికి ఇంతకంటే బలమైన ఆయుధం ఒకటుంది. దానిని దాచడం సత్యధర్మం కాదు. బృహదారణ్యకోపనిషత్తు ఆరవ అధ్యాయంలో, కోరిన విధమైన సంతానం కలగడానికి దంపతులు ఏ అన్నం వండుకొని తినాలో విధులున్నాయి. ఉపనిషత్తే శిశువు లక్షణాలను ఎంచుకోమంటుంటే, ప్రయోగశాలలో పిండాన్ని ఎంచుకుంటే దోషమేమని అతడు అడుగుతాడు.

ఆ విధులను నిదానంగా చూడాలి. తెల్లని ఛాయ గల కుమారునికి అక్కడ ఒక వేదాధ్యయనం, పింగళవర్ణునికి రెండు, నల్లని దేహమూ ఎర్రని కన్నులూ గల కుమారునికి మూడు వేదాలు చెప్పబడ్డాయి. తెల్లదాత కోసం ఎక్కువ చెల్లించే వారికి ఈ క్రమం మింగుడుపడదు. ఆ వెంటనే పండితురాలైన కుమార్తె కావాలని కోరుకునే దంపతులకు నువ్వులన్నం విధింపబడింది. శంకర భగవత్పాదులు ఆ పాండిత్యాన్ని గృహవిషయకమని వ్యాఖ్యానించారు. అది వేరే చర్చ. మూలం మాత్రం కుమార్తెను కోరదగిన సంతానంగా, పండితగా పేర్కొంది. 'ఆడపిల్ల వద్దు' అనడానికి ఆ బ్రాహ్మణంలో ఏ వంటకమూ లేదు.

ఇంతకూ అసలు భేదం మరొకటి. దంపతులు అన్నం తిని ప్రార్థిస్తారు. ఫలం వారి చేతిలో లేదు. వచ్చిన బిడ్డను, అది ఎవరైనా, స్వీకరిస్తారు. ప్రయోగశాలలో పది పిండాలను నిర్మించి, మార్కులు వేసి, ఒకదానిని ఉంచుకొని తక్కినవాటిని తోసివేయడం ప్రార్థన కాదు. 1990లో లండన్‌లో తొలిసారి పిండజన్యుపరీక్ష జరిగినప్పుడు ఉద్దేశం ఘోరవ్యాధి నివారణ. తల్లుల ద్వారా కుమారులకు సంక్రమించే వ్యాధులు కనుక పిండం ఆడదో మగదో చూశారు. నేడు అమెరికాలో కొన్ని సంస్థలు పిండాల బుద్ధిని, ఎత్తును అంచనా వేస్తామని అమ్మకానికి దిగాయి. వందలు, వేల జన్యువుల సూక్ష్మప్రభావాలను కూడి వేసే ఆ అంచనా ఒక్కొక్క పిండం విషయంలో ఎంతో బలహీనం. జ్యోతిష్యాన్ని మూఢత్వమని ఎగతాళి చేసేవారే ఈ కొత్త జాతకచక్రానికి డాలర్లు చెల్లిస్తున్నారు. గీత పదమూడవ అధ్యాయం నిత్యం పారాయణ చేసేవారు కూడా ఆ వరుసలో ఉన్నారు. క్షేత్రానికి శ్రేణులు కట్టేటప్పుడు క్షేత్రజ్ఞుడు వారికి గుర్తురాడు.

మార్కులు వేసి తోసివేసే ఈ పద్ధతిలో అష్టావక్రుడు పుట్టేవాడా? తల్లి కడుపులో ఉండగానే తండ్రి వేదపాఠంలో తప్పు పట్టి, తండ్రి శాపంతోనే ఎనిమిది వంకరలు పొందినవాడు. వాదంలో ఓడి జలసమాధి అయిన ఆ తండ్రిని తిరిగి తెచ్చినవాడూ అతడే. అష్టావక్రగీతపై ఉపన్యాసాలిచ్చే వేదికలపై, వంకర కాళ్ల బిడ్డను కన్న తల్లిని చూసి 'పూర్వజన్మ పాపం' అని నిట్టూర్చే ఆస్తికులు ఎంతమందో!

ఈ కర్మవాదపు దుర్వినియోగం గురించి మరికొంత చెప్పాలి. తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్తవ్యాధులలో తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి దోషజన్యువులు కలిసినప్పుడే బిడ్డకు వ్యాధి వస్తుంది. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. చరకుడు సైతం బీజదోషాన్ని చర్చించినప్పుడు తల్లి బీజాన్నీ తండ్రి బీజాన్నీ రెంటినీ విచారించాడు. ఇంట్లో నింద మాత్రం కోడలికే. ఆడపిల్ల పుట్టినా అంతే. లింగాన్ని నిర్ణయించేది పురుషబీజమని ఉన్నత పాఠశాలలోనే చెబుతారు, అత్తవారింట్లో మరచిపోతారు. కర్మసిద్ధాంతం సాధకుడు తన ప్రవర్తనను తాను విచారించుకోవడానికి చెప్పబడింది. పొరుగువాని బిడ్డకు శిక్షాస్మృతిగా దానిని ఏ ఆచార్యుడూ ఉపదేశించలేదు.

2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షాహ్‌డోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం ప్రారంభమయింది. 2047 నాటికి వ్యాధిని తుడిచిపెట్టాలని, 40 ఏళ్లలోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని సంకల్పం. వ్యాధి ఎక్కువగా ఉన్నది ఆదివాసులలో. ఆదిలాబాద్, పాడేరు మన్యాలలోనూ ఉంది. పరీక్ష చేసి కార్డులిస్తారు, పెళ్లికి ముందు కార్డులు పోల్చుకోమంటారు. సదుద్దేశమే. అయితే ఆ కార్డు చూసి పిల్లను నిరాకరించే పెద్దలకు వాహకత్వం వ్యాధి కాదని ఎవరు చెబుతారు? అదే సంవత్సరం చివర, ఆ వ్యాధికి జన్యుసవరణతో చేసే చికిత్సకు బ్రిటన్, అమెరికా అనుమతినిచ్చాయి. అమెరికాలో దాని ధర 22 లక్షల డాలర్లు. పాడేరు బిడ్డకు చవకైన హైడ్రాక్సీయూరియా మాత్రలు క్రమం తప్పకుండా చేరడమే ఇంకా కష్టం. జన్యువైద్యం ఒకటే, ఎవరికి ఎంత అందుతుందో నిర్ణయించేది జన్యువు కాదు.

చివరకు 'పున్నామ నరకం'. పుత్రశబ్దానికి స్మృతి చెప్పిన ఈ నిర్వచనం ఎన్ని ప్రాణాలను బలిగొందో జనగణనలో చూడవచ్చు. ఆరేళ్లలోపు పిల్లలలో వేయిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 945, 2001లో 927, 2011లో 918. గర్భస్థశిశు లింగనిర్ధారణను నిషేధించే చట్టం 1994లోనే వచ్చింది. గర్భధారణకు ముందే జరిగే ఎంపికను కూడా 2003లో దాని పరిధిలో చేర్చారు. తగ్గుదల చదువు లేనివారి పని అని సమాధానపడే వీలు లేదు. అమెరికా 2000 జనగణన ఆధారంగా డగ్లస్ ఆల్మండ్, లీనా ఎడ్లండ్ 2008లో వెలువరించిన పరిశీలనలో, అక్కడి చైనా, కొరియా, భారతీయ కుటుంబాలలో మొదటి ఇద్దరూ ఆడపిల్లలైనప్పుడు మూడవ కాన్పులో మగపిల్లలు ఆడపిల్లల కంటే సగానికి సగం ఎక్కువని తేలింది. ప్రవాసంలో దేవాలయాలు కట్టినవారు, పిల్లలకు విష్ణుసహస్రనామం నేర్పినవారు కూడా ఈ లెక్కకు వెలుపల లేరు.

మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయంలో పున్నామ వచనం ఉంది. అదే అధ్యాయంలో కుమార్తె కుమారునితో సమానమన్న వచనమూ ఉంది. మొదటిది ప్రతి ఇంటా కంఠస్థం. రెండవది చెప్పే ప్రవచనకర్తలు వేళ్లమీద లెక్కించదగినవారు. సంతానగోపాల వ్రతాలు చేయించే పురోహితుడు 'మగబిడ్డ కోసం' అని సంకల్పం చెప్పడానికి నిరాకరించిన రోజున ఎన్నో స్కానింగ్ గదులలో గిరాకీ తగ్గుతుంది. పీఠాధిపతులు, ప్రవచనకర్తలు ఈ విషయంలో మాట్లాడకపోవడం ఆ యజ్ఞశాలలోని ఋత్విజుల మౌనం వంటిదే. వారెవరూ కట్టలేదు, వధించలేదు. చూస్తూ కూర్చున్నారు.

దత్తత గురించి మాటమాత్రమైనా చెప్పకుండా లక్షలు ఖర్చు చేయించే వైద్యాలయాలను తప్పుపట్టేముందు, దత్తపుత్రునికి పిండాధికారాన్ని సవివరంగా వ్యవస్థ చేసిన ధర్మశాస్త్రాన్ని 'సొంత రక్తం కాదు' అన్న ఒక్క మాటతో కొట్టిపారేసే ఆస్తిక గృహాలను ప్రశ్నించాలి. 1956 నాటి హిందూ దత్తత చట్టం ఆడపిల్లను దత్తు తీసుకునే హక్కును కూడా ఇచ్చింది. రక్తం మీద ఇంత పట్టుదల ఎక్కడి నుండి వచ్చిందో తెలియదు, ఐతరేయ బ్రాహ్మణం నుండి మాత్రం రాలేదు.

యూపానికి కట్టబడిన శునఃశేపుడు దేవతలను స్తుతించాడు. పాశాలు ఊడాయి, రాజు రోగమూ పోయింది. అప్పుడు అజీగర్తుడు కొడుకును తిరిగి ఇమ్మన్నాడు. శునఃశేపుడు వెళ్లలేదు. తన కంటే మూడు వందల గోవులు ఎక్కువైన తండ్రిని నిలదీసి, విశ్వామిత్రుని ఒడిలో కూర్చున్నాడు. విశ్వామిత్రుడు అతనికి దేవరాతుడని పేరుపెట్టి, తన నూటొక్క కుమారులకు జ్యేష్ఠునిగా ప్రకటించాడు. పెద్దవారైన యాభైమంది ఒప్పుకోలేదు. తండ్రి శాపంతో వారి సంతతి ఆర్యావర్తపు అంచులకు పోయిందని, వారిలో ఆంధ్రులు కూడా ఉన్నారని శ్రుతి అంటుంది. ఆంధ్రశబ్దం వాఙ్మయంలో మొదట వినిపించేది ఈ సందర్భంలోనేనని తెలుగు చరిత్రకారులు చెప్పుకుంటారు. ఏ తప్పుకు అక్కడ వినిపించిందో అంతగా చెప్పుకోరు.

మధుచ్ఛందుడు, అతని తమ్ములు యాభైమంది మాత్రం అమ్ముడుపోయి వచ్చిన ఆ పిల్లవాణ్ణి అన్నగా అంగీకరించారు. ఋగ్వేదం ఆ మధుచ్ఛందుని సూక్తంతోనే ఆరంభమవుతుంది. ప్రథమ మండలంలో ఇరవైనాలుగవ సూక్తం నుండి ఏడు సూక్తాలకు ఋషి శునఃశేపుడు. విశ్వామిత్ర గణంలోని కొన్ని గోత్రాలవారు నేటికీ ప్రవర చెప్పుకునేటప్పుడు, విశ్వామిత్రుని పేరు తరువాత, ఆయన రక్తం పంచుకొని పుట్టని ఆ దేవరాతుని పేరే చెప్పుకుంటున్నారు.